గేటు దగ్గరి సెక్యూరిటీ కాదక్కా

"సెక్యూరిటీ చదువంట! మీ ఆఫీసు గేటు కాడ నిలబడేవాళ్ల మాదిరా?"

కదిరి నుంచి మా అక్క ఫోను. ఆమె కూతురు బీటెక్ ఆఖరి ఏడాదిలో ఉంది. క్యాంపస్ సెలక్షన్లకు కూర్చోనని, అమెరికా, యూరప్‌ల భద్రతా విధానాల మీద ఎంఏ చేస్తానని పట్టుపట్టింది. మేనమామను కదా, బుద్ధి చెప్పే పని నాకొచ్చింది. నేనేమో పిల్ల వైపు తిరిగాను. కాకపోతే ఆమె ఎంచుకున్న దారి మాత్రం నాకు నచ్చలేదు.

ఎలక్ట్రానిక్ సిటీలో ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగం నాది. కోడ్ రాయడం ఎప్పుడో మానేశాను. విదేశీ క్లయింట్లతో చేసుకునే ఒప్పందాల్లో డేటా షరతులు చూస్తుంటాను. 2020 జులై 16, గురువారం, బెంగళూరు లాక్‌డౌన్‌లో ఉంది. అన్నం ముందు కూర్చున్న వేళకు వార్త వచ్చింది. యూరప్ ప్రజల డేటాను అమెరికాకు పంపేందుకు ఐదు వేలకు పైగా కంపెనీలు నమ్ముకున్న 'ప్రైవసీ షీల్డ్' ఒప్పందాన్ని లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం కొట్టేసింది. గొడవకు మూలం 2013లో స్నోడెన్ బయటపెట్టిన అమెరికా నిఘా. ఫిర్యాదు చేసింది మాక్స్ ష్రెమ్స్ అనే ఆస్ట్రియా న్యాయవాది. నిఘా వాళ్లది, కోర్టు వాళ్లది, నిద్ర చెడింది మాకు. మా జర్మన్ క్లయింటు డేటా ఉండేది అమెరికా సర్వర్లలో, దాన్ని చూసుకునేది బొమ్మసంద్ర అపార్ట్‌మెంట్లలో కూర్చున్న మా పిల్లలు. ఒప్పందాలన్నీ తిరగరాసే సరికి దసరా వచ్చేసింది.

నాకు మంటెక్కించింది తీర్పు కాదు. ఇదే కోర్టు, ఇదే ష్రెమ్స్ ఫిర్యాదు మీద, అంతకు ముందున్న 'సేఫ్ హార్బర్' ఒప్పందాన్ని 2015లోనే కొట్టేసింది. చదివే మనిషి ఒక్కరుంటే రాబోయేది పసిగట్టేవాళ్లం. అంత పెద్ద ఆఫీసులో ఆ మనిషే లేరు.

తర్వాత ఇంకో ముచ్చట. 2025 జులై 18న యూరోపియన్ యూనియన్ రష్యా మీద 18వ విడత ఆంక్షలు పెడుతూ, రష్యన్ సంస్థ రోస్‌నెఫ్ట్‌కు వాటా ఉందని గుజరాత్‌లోని నయారా రిఫైనరీనీ జాబితాలో చేర్చింది. కొద్ది రోజులకే అమెరికన్ కంపెనీ మైక్రోసాఫ్ట్ నయారాకు సేవలు ఆపేసింది. నయారా ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాక అవి తిరిగొచ్చాయి. బ్రసెల్స్‌లో రాసిన కాగితానికి మన దేశంలో ఆఫీసు మెయిళ్లు ఆగాయి. మా అక్క గేటు కాడే ఉందనుకుంటున్న సెక్యూరిటీ ఇదీ.

మేనకోడలి మనసు వాషింగ్టన్ మీద ఉంది. అక్కడే మాకు తగవు. ఆ ఊళ్లో ఈ రంగపు ఉద్యోగాలు చాలావాటికి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి, అది సాధారణంగా అమెరికా పౌరులకే ఇస్తారు. నాటోలో అయితే సభ్యదేశాల వాళ్లకే కొలువు. 2025 సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్‌1బి వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలే వెనకాడే సొమ్మును పరిశోధనా సంస్థ ఎక్కణ్నుంచి తెస్తుంది? 1968లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి పెట్టిన విల్సన్ సెంటర్ అనే పరిశోధనా సంస్థే 2025లో ఒక్క అధ్యక్ష ఆదేశంతో కుప్పకూలింది. వాషింగ్టన్ చదువు కోసం కదిరి ఇంటిస్థలం తాకట్టు పెడతామంటే నేను ఒప్పుకోను.

జర్మనీకి వెళ్లమన్నాను. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, భాష మాత్రం నేర్చుకోక తప్పదు. బీటెక్ వృథా అవుతుందని బావ దిగులు. ఆయనకు సి. రాజామోహన్ సంగతి చెప్పాను. రాజామోహన్ ఆంధ్రా విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ చదివారు, తర్వాత జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాల్లో పీహెచ్‌డీ చేశారు, భారత్, అమెరికాల అణు సంబంధం మీద పుస్తకం రాశారు, 2016లో కార్నెగీ ఇండియాకు తొలి డైరెక్టరయ్యారు. అణువు తెలిసినవాడికి అణు రాజకీయం పట్టుబడింది. ఇప్పుడు తగాదాలన్నీ చిప్‌ల మీద, సముద్రం అడుగు కేబుళ్ల మీద. మా పిల్లకు అవి సిలబస్సే.

తిరిగొచ్చాక ఎక్కడ పనిచేస్తుంది? నా అసలు ఫిర్యాదు ఇక్కడే. 2009లో మొదలైన తక్షశిల ఇన్‌స్టిట్యూషన్ బెంగళూరులో ఉంది. ఎలక్ట్రానిక్ సిటీలోనే, ట్రిపుల్ఐటీలో సాంకేతికత, ప్రజా విధానాల మీద ఒక కేంద్రం ఉంది. వాటి గోడ పక్కనే ఉన్న కంపెనీలు ఏం చేస్తున్నాయి? లండన్ లాయర్లకు గంటల లెక్కన బిల్లు కడతాయి, వార్షికోత్సవానికి సినిమా గాయకుల్ని దింపుతాయి. ఆ ఒక్క సాయంత్రం ఖర్చుతో ఇద్దరు పరిశోధకులను ఏడాదంతా పోషించొచ్చు. డేటా కేంద్రానికి జనరేటర్ కొనేటప్పుడు ఎవరూ లాభమెంతని అడగరు, ఈ మనుషుల జీతానికి మాత్రం అడుగుతారు.

మేనకోడలు సెలవులకు మా ఇంటికొచ్చింది. శనివారాలు జర్మన్ క్లాసు. ప్రైవసీ షీల్డ్ స్థానంలో 2023లో వచ్చిన కొత్త ఒప్పందాన్ని యూరప్ కింది కోర్టు (జనరల్ కోర్టు) 2025 సెప్టెంబరు 3న నిలబెట్టింది, దాని మీద అప్పీలు వేశారు. ఈసారి ఏమవుతుందో రెండు పేజీల్లో రాసివ్వమన్నాను. పదకొండు పేజీలు రాసింది. ఆదివారం ఇద్దరం పెన్సిళ్లు పట్టుకుని కూర్చున్నాం, ఇప్పటికి ఏడుకు వచ్చింది.