నక్షత్రము వెనుకనున్న చేతులు

మన దేశపు రహదారులపై మూడుమొనల నక్షత్రము సామాన్యజనులకు పరిచితమైనది సంపన్నుల కార్లమీద కాదు. సరకులు మోయు లారీలమీద. 1954లో టాటావారు జర్మనీదేశపు డైమ్లర్-బెంజి సంస్థతో పదునైదేండ్ల యొడంబడిక చేసికొని జంషెడ్‌పూరున లారీలు నిర్మింప నారంభించిరి. 1969లో గడువు తీరిన పిదప నక్షత్రము దిగిపోయినది. లారీలను కట్టు విద్య మాత్రము మన పనివారి చేతులలో నిలిచినది. నేడు ఆ నక్షత్రము ధనవంతుల గుమ్మముల చెంత వైభవచిహ్నమై వెలయుచున్నది. ఆ సంస్థవారును తమ పూర్వచరిత్రను ఘనముగ చాటుకొనుచుందురు. చాటుకొనదగినది చాల కలదు. కాని కర్మాగారముయొక్క చరిత్రను విక్రయశాలలోని చిత్రపటములను జూచి కాక, పనిచేసిన చేతులను జూచి చదువవలెనని మా మనవి.

1886 జనవరి 29వ తేదీన మాన్‌హైము పట్టణవాసి యగు కార్ల్ బెంజి తన మూడుచక్రముల మోటారుబండికి పేటెంటు కోరెను. దాని యంత్రమునకు సిలిండరు ఒక్కటే. బలము ఒక్క అశ్వశక్తికైనను చాలదు. ఆ పేటెంటుపై నున్నది బెంజి పేరు మాత్రమే. అంతకు పదునైదేండ్లకు పూర్వము భాగస్వామితో పొసగక కర్మాగారము చేజారునట్లుండగా, అతనిని వరింప నిశ్చయించుకొనిన బెర్తా యను కన్యక తన అరణపు సొమ్మును వివాహమునకు ముందుగనే తెప్పించి, భాగస్వామి వాటాను కొనిపించెను. బండి సిద్ధమైనను కొనువారు లేరు. 1888 ఆగష్టులో ఆమె భర్తకు చెప్పకయే ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని, 100 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న ఫోర్‌జైమునకు ఆ బండిపై బయలుదేరెను. త్రోవలో ఇంధనపు గొట్టము పూడిపోగా టోపీసూదితో శుభ్రపరచినది. ఇంధనము తరిగిపోగా వీస్‌లోహు పట్టణమున మందులయంగడిలో కొన్నది. బ్రేకు అరిగిపోగా చర్మకారునిచే తోలు వేయించినది. మెట్టయెక్కవలసినచోట పిల్లలు దిగి త్రోసిరి. ఇల్లు చేరి, బండికి మరియొక గేరు కావలెనని భర్తకు చెప్పినది. పరీక్షకుడైన యంత్రశిల్పి ఇంతకన్న నేమి చేయగలడు?

స్టుట్‌గార్టు చెంతనున్న కాన్‌స్టాటున డైమ్లరునకు కుడిభుజమైన విల్‌హెల్మ్ మైబాహు బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయి అనాథాశ్రమమున పెరిగినవాడు. నీసు పట్టణమున నివసించు ఎమిల్ యెల్లినెక్ అను వర్తకుడు వేగమైన బండ్లు కావలెనని ఒత్తిడిచేయగా, మైబాహు 1900 సంవత్సరాంతమునకు 35 అశ్వశక్తుల నూతనవాహనమును సిద్ధపరచెను. అంతవరకు మోటారనగా గుఱ్ఱమును విప్పివేసిన బండియే. ఇతడు దానిని పొడవుచేసి, నేలకు దించి, ఉక్కుచట్రముపై యంత్రమును నిలిపెను. యంత్రశక్తిని పెంచుటకు అడ్డుగా నిలిచినది వేడిమి. తేనెపట్టువలె ఎనిమిదివేలకు మించిన సన్నని గొట్టములు కూర్చిన రేడియేటరుతో ఆ చిక్కును విడదీసెను. అంత యంత్రమును చల్లార్చుటకు తొమ్మిది లీటర్ల నీరు చాలినది. నేటి కారునకు రూపమిచ్చినది ఈ బండియే. యెల్లినెక్ తన కూతురి పేరు దీనికి పెట్టించెను. ఆమె పేరు మెర్సిడెస్.

1926లో డైమ్లరు, బెంజి సంస్థలు ఏకమైనవి. పందెములలో గెలిచిన కీర్తి యెంత గలదో ఆ సంస్థవారే చెప్పుకొనగలరు. మే మా విషయమున కాలహరణము చేయము. వాని నన్నింటికంటె బేలా బరేనీ యను శిల్పి యూహ మిన్న. బండి యెంత గట్టిదైన అంత క్షేమమని లోకము నమ్ముచుండగా, ముందుభాగమును వెనుకభాగమును నలిగి తాకిడిని మ్రింగవలెను, మనుష్యులు కూర్చుండు భాగము మాత్రమే చెక్కుచెదరకుండవలెనని అతడు తలచెను. 1951లో పేటెంటు కోరెను. 1959లో ఆ పద్ధతి ఆ సంస్థ బండ్లలో ప్రవేశించెను. ఇప్పుడది అన్ని దేశముల కార్లలోను కలదు.

ఈ ఘనతల నడుమ మరియొక పుట గలదు. మెర్సిడెసు తాతయగు ఆడోల్ఫ్ యెల్లినెక్ వియన్నా నగరమున యూదుల మతాచార్యుడు. యూదజాతిని నిర్మూలింపబూనిన హిట్లరు ఊరేగిన వాహనమునకు ఆ మతాచార్యుని మనుమరాలి పేరే యుండెను! ఆ సంస్థ యతని యుద్ధమునకై విమానయంత్రములను, లారీలను ఉత్పత్తిచేసెను. 1944 నాటికి దాని పనివారు 63,610 మంది. వారిలో ఇంచుమించు సగము మంది బలవంతముగ తేబడిన పరదేశీయులు, యుద్ధఖైదీలు, నిర్బంధశిబిరములలోని బందీలు. బెర్తా తెగువయు, మైబాహు నేర్పును ఆ సంస్థకు వారసత్వమైనచో, ఈ బందీల చెమటయు వారసత్వమే. ఒకదానిని గోడకు తగిలించి వేరొకదానిని పెట్టెలో దాచుట న్యాయము కాదు. సంస్థవారు తుదకు పెట్టె తెరచి, పండితులచే పరిశోధన చేయించిరి. 1988లో రెండుకోట్ల మార్కులను సహాయసంస్థల కిచ్చిరి. దీనిని మేము తక్కువచేయము. కాని యుద్ధము ముగిసినది 1945లో. ఆ నలువదిమూడేండ్లలో ఆ బందీలు వృద్ధులైరి; ఎందరో ఆ దినమును చూడకయే కన్నుమూసిరి.