తొలి రోజు దాటితేనే గొర్రెపిల్ల మందకు దక్కేది

వాన మొహం చాటేసిన ఏడు కూడా కర్నూలు, కడప పల్లెల్లో నాలుగు రూపాయలు కళ్లచూపించేది గొర్రెల మందే. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలో తెలంగాణ తర్వాతి స్థానం మనదే. పుట్టిన పిల్లల్లో పాలు మరిచేదాకా బతికినవి ఎన్ని అన్న ప్రశ్న మాత్రం పథకాల చర్చలోకి రాదు. 2017లో తెలంగాణ 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లు పంచింది. మందను పెంచడమంటే గొర్రెలను కొని తేవడమేనన్న ఆలోచన అందులో ఉంది. దొడ్లో పుట్టిన పిల్లను నిలుపుకోవడం అంతకన్నా చవక, తల్లికీ పిల్లకూ మేలు.

గొర్రె మాయ నిర్మాణం ఎలాంటిదంటే, తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి కడుపులోని పిల్లకు చేరదు. అది జున్నుపాలతోనే అందాలి. ఆ పాలలోని రక్షణను పీల్చుకునే గుణం పిల్ల పేగులకు గంటగంటకూ తగ్గి, రోజు తిరిగేసరికి దాదాపు పోతుంది. కిలో బరువుకు 50 మిల్లీలీటర్ల లెక్కన మూడు కిలోల పిల్లకు తొలి విడతలోనే 150 మిల్లీలీటర్లు పడాలి. అన్ని పాలు తల్లి పొదుగులో ఉండాలి కదా! చూలు ఐదు నెలలైతే, పిల్ల పుట్టేనాటి బరువులో దాదాపు 70 శాతం చివరి ఆరు వారాల్లోనే వస్తుంది. డిసెంబరులో చూలు కట్టిన గొర్రె మేలో ఈనుతుంది. అంటే కడుపులో పిల్ల ఎదిగే రోజులు సరిగ్గా ఏప్రిల్, మే నెలలు. అప్పటికి శనగ చేలలో మేత అయిపోయి, రేగడి నెర్రెలు బారి ఉంటుంది. ఆకలితో ఈనిన తల్లికి పాలు చాలవు, బక్కచిక్కి పుట్టిన పిల్లకు లేచి పొదుగు పట్టే సత్తువ ఉండదు. ఆ పిల్ల ఏ పారుడుతోనో చనిపోయిందని మనం అనుకుంటాం. చావుకు బీజం పడింది అంతకు ముందే, తల్లి ఆకలిలో.

తరతరాలుగా మందలు కాసే గొల్లలకు, కురుబలకు ఇది ఒకరు చెప్పాలా అనవచ్చు. ఈనే గొర్రె తీరు వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు, నిజమే. అయితే మేత కోసం మంద ఊళ్లు దాటి నడుస్తున్నప్పుడు ఈనిన గొర్రెను ఒక రోజు ఆపే వీలు వారికి ఉండదు. మాయ పడేదాకా జున్నుపాలు పట్టకూడదన్న నమ్మకం పాడి పశువుల విషయంలో ఇంకా పోలేదు. గొర్రె దగ్గర ఆ ఆలస్యం మరీ ప్రమాదం. చూడి గొర్రెకు ఆ చివరి వారాల్లో దాణా పెట్టే ఖర్చు సంగతికొస్తే, రోజుకు పావు కిలో చొప్పున ఆరు వారాలు పెట్టినా తల్లికి పదిన్నర కిలోలే. ఈతకు నెల ముందు తల్లికి చిటుక రోగం టీకా వేస్తే ఆ రక్షణ జున్నుపాల ద్వారా పిల్లకూ అందుతుంది. పశు సంక్షేమం సంపన్న దేశాల సోకు అనేవారూ ఉన్నారు. 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ నివేదికతో మొదలైన ఆ చర్చ, ఆకలిదప్పుల నుంచి విముక్తిని పశువుల తొలి అవసరంగా గుర్తించే దాకా వచ్చింది. మెట్ట సీమలో చూడి గొర్రెకు కావలసింది ముందుగా అదే, దాని కాపరికి లాభమూ అందులోనే.

అందుకే దాణా రాయితీని కరువు ప్రకటించాక కాదు, ఏటా మార్చి చివరికే చూడి గొర్రెల పేరిట ఇవ్వాలి. ఊళ్లలోని పశుసంవర్ధక సహాయకులు పుట్టిన పిల్లలను, నెలలోపు చనిపోయినవాటిని నమోదు చేయాలి. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల కడప జిల్లాలోనే ఉంది. వలస మందల వెంట నడిచి ఆ లెక్కలను విశ్లేషించే పని దానికి అప్పగించి, నిధులివ్వాలి.