మేనేజరుగారి మంచితనం

బద్వేలులో ఒక బట్టల దుకాణం. చీరలు అమ్మే ఆడపిల్లలు పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చి రాత్రి తొమ్మిదికి ఇంటిదారి పడతారు. అన్నం తినే అరగంట తప్ప రోజంతా నిలబడే ఉంటారు. బేరాల్లేని మిట్టమధ్యాహ్నం కూడా అంతే. పోరుమామిళ్ల వైపు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఒకామె, "కాళ్ళ నొప్పులకన్నా నీళ్ళు తాగేదానికే భయం మేడమ్. బాత్రూముకు పోవాలన్నా ఆయన్నే అడగల్ల గదా" అంది.

ఆయన్ని కలిశాను. దుర్మార్గుడేమీ కాదు. తాగడు, నోరు జారడు, పిల్లలను 'అమ్మా' అనే పిలుస్తాడు. పూజ ఉందంటే పూటకు పంపిస్తాడు. నెలసరి నొప్పి అంటే మాత్రం, ఇంట్లో మా ఆడవాళ్ళు పని చేయడం లేదా అంటాడు. స్టూళ్ళు ఎందుకు వేయలేదని అడిగితే, కొనేవాళ్ళ ముందర అమ్మేవాళ్ళు కూర్చోవడం మర్యాద కాదన్నాడు. చిన్నప్పుడు తాను గుమాస్తాగా తెల్ల పరుపు మీద కూర్చునే చీరలు పరిచానని ఆ తరువాత మాటల్లో ఆయనే చెప్పాడు. అప్పట్లో అందరూ అలాగే కూర్చునేవారు. పరుపులు పోయి కౌంటర్లు వచ్చాయి, మగ గుమాస్తాల స్థానంలో తక్కువ జీతానికి ఆడపిల్లలు వచ్చారు. ఆయన సంప్రదాయం అనుకుంటున్న ఈ మర్యాద వయసు ఆ కౌంటరు వయసే.

మేనేజరు మంచివాడా చెడ్డవాడా అన్న చర్చలో మనం చాలాసార్లు చిక్కుకుపోతుంటాం. ఆయన విలువలు ఆయన ఇంట్లో ఉన్నంతవరకు సొంతవే. హాజరు పట్టీ, జీతం, సెలవు ఆయన చేతిలో ఉన్నప్పుడు అవే పనిచేసేవాళ్ళకు నిబంధనలవుతాయి, ఎక్కడా రాసి ఉండకపోయినా. దయగా ఇచ్చిన పూట సెలవును రేపు అంతే దయగా ఆపేయవచ్చు.

నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ 1948లోనే చెప్పింది. దుకాణాల్లో స్త్రీలు దానికోసం పోరాడవలసి వచ్చింది. కోజికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే స్త్రీలు పెణ్‌కూట్టు పేరుతో సంఘటితమై ఏళ్ళ తరబడి అడిగాక, 2018లో కేరళ తన చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా సవరించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 24వ సెక్షన్‌లో ఈ మాట దేశమంతటికీ ఉంది. కాకపోతే పదిమంది, ఆపైన పనిచేసే చోటికే. చిన్న ఊళ్ళలో ఎక్కువ దుకాణాలు ఆ లెక్కకే రావు.

ఇదే కోడ్ 43వ సెక్షన్, స్త్రీలు సమ్మతిస్తే సాయంత్రం 7 తరువాత కూడా పని చేయించవచ్చు అంటుంది. ఆ సమ్మతి అడిగేది ఎవరు? బాత్రూముకు అనుమతి ఇచ్చే ఆయనే.

ఇదంతా వ్యాపారుల సంగతి అనుకుంటే పొరపాటు. పదిహేనేళ్ళ క్రితం నేనొక స్వచ్ఛంద సంస్థలో ప్రాజెక్టు బాధ్యురాలిని. పాలు తాగే బిడ్డ ఉన్న క్షేత్ర కార్యకర్త ఒకామె, ఆదివారం గ్రామ సమావేశాలకు రాలేనంది. "ఉద్యమానికి ఆదివారాలుంటాయా?" అన్నాను. నాకది విలువ. ఆమెకు అది జీతం కాగితం మీద సంతకం చేసే మనిషి నోటి నుంచి వచ్చిన మాట. రెండు నెలలకు మానేసింది. మా సంస్థలో సెలవుల నియమావళి ఉండేది కాదు. అటువంటిది అవసరమని నాకు తోచనూ లేదు. త్యాగం మాట ఎత్తినప్పుడల్లా గంటలు లెక్కపెట్టడం మనకు చిన్నతనంగా ఉంటుంది. దాతలకు పంపే నివేదికల్లో మాత్రం ఆ గంటలన్నీ లెక్కకు వస్తాయి!

వచ్చే సంచికకు మీ ఊరి దుకాణాల సంగతి రాసి పంపండి. అమ్మే ఆడవాళ్ళు ఎంతమంది, స్టూళ్ళు ఎన్ని, మరుగుదొడ్డికి ఎవరిని అడగాలి, సెలవు నియమాలు గోడ మీద ఉన్నాయా, మేనేజరు నోట ఉన్నాయా. అదే కాగితం వెనకవైపు మీ సంస్థ కార్యాలయం గురించి ఇవే ప్రశ్నలకు జవాబులు రాయండి. అవి మీ బాధ్యులు కాక కార్యకర్తలు రాయాలి.