లైట్లు వెలిగే డబ్బా కాదు, రంగులు చూపే తెర కావాలి

బెంజ్ సర్కిల్ దగ్గర చెన్నై-కోల్‌కతా రహదారి, హైదరాబాద్-మచిలీపట్నం రహదారి కలుసుకుంటాయి. బందరు, పామర్రు వైపు నుంచి బస్సులో దిగే మన హాస్టల్ విద్యార్థులకు అక్కడ ముందు కనపడేవి ఫ్లెక్సీలే. వాటిని డిజైన్ చేసే పని నేర్చుకుంటే చదువుకుంటూనే నాలుగు డబ్బులు వస్తాయని మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎందరో ఆశపడుతున్నారు. ఆశ మంచిదే. అయితే సెంటర్లో గంటసేపు నేర్చుకున్నది ఇంటి దగ్గర చెయ్యకపోతే చేతికి రాదు. అందుకని అమ్మానాన్నలు అప్పు చేసి, వాయిదాల మీద చౌక ల్యాప్‌టాప్ కొనిపెడుతున్నారు. మా అభ్యంతరం దీని మీదే.

ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివిన మాలాంటి వాళ్లకు ఈ సంగతులు చెప్పే అన్నయ్యో, మావయ్యో ఉండరు. షాపులో చెప్పిందే వేదం. అందుకే ఒక లెక్క చెబుతాం. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని అంగుళానికి 72 చుక్కల చొప్పున నాలుగు ప్రింటింగ్ రంగుల్లో తెరిస్తే, ఒక్క లేయరే దాదాపు 600 ఎంబీ అవుతుంది. అలాంటివి పది వేస్తే 6 జీబీ. ఇక 8 జీబీ ర్యామ్ ఏ మూలకి? పైగా చాలా చౌక ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తరవాత పెంచుకుందామన్నా కుదరదు. తెర సంగతి మరీ అన్యాయం. రంగులు వెలిసిపోయినట్టు చూపిస్తుంది. మనం దిద్దిన ఎరుపు ఒకటి, ప్రెస్సులో వచ్చే ఎరుపు మరొకటి. ఆ ప్రింటు డబ్బులు ఎవరు కట్టాలి?

కాబట్టి డెస్క్‌టాపే కట్టించుకోండి మిత్రులారా. ధరలు నిలకడగా లేవు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే రూపాయల్లో కాక వంతుల్లో చెబుతున్నాం. ఉన్న డబ్బులో మూడో వంతు ఐపీఎస్ మానిటర్‌కే పెట్టండి. ఎస్‌ఆర్‌జీబీ ఎంత శాతమో అడగండి. తరవాత 16 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ. ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు చేసేవాళ్లకు విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌లో అది లోపలే ఉంటుంది. కాకపోతే అది వాడుకునేది కూడా ర్యామ్‌నే, అందుకని 16 జీబీది ఒకటి కాకుండా 8 జీబీవి రెండు వేయించండి. అద్దం డబ్బాలో రంగుల లైట్లు వెలిగితే డిజైన్ బాగా రాదు.

అంత డబ్బు కూడా లేకపోతే? 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత మద్దతు ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అందువల్ల ఆఫీసులు పక్కన పెడుతున్న సీపీయూలు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. వాటిలో లినక్స్ వేసుకుంటే ఇంక్‌స్కేప్, గింప్, స్క్రైబస్ మూడూ ఉచితమే. సిలికానాంధ్ర అందించిన మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ తెలుగు ఫాంట్లూ ఉచితమే. మన ప్రెస్సులు ఇంకా అను ఫాంట్లు, పేజ్‌మేకర్ దగ్గరే ఉన్నాయంటారా? నిజమే, ఉద్యోగానికి అవీ నేర్చుకోవాల్సిందే. అయితే ఇంటి దగ్గర చేసిన డిజైన్‌లో అక్షరాలను పాత్‌గా మార్చి పీడీఎఫ్ ఇస్తే, ఆ ఫాంటు వాళ్ల దగ్గర లేకపోయినా ఫర్వాలేదు. యూపీఎస్ మాత్రం మానకండి. మన పల్లెల కరెంటు సంగతి మీకు తెలియనిదా!

హాస్టల్లో డెస్క్‌టాప్ ఎక్కడ పెట్టుకుంటామని చెల్లెళ్లు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. ట్రంకుపెట్టెకే చోటు చాలని గదులు మనవి. అందుకే ఈ వార్షికోత్సవ సందర్భంగా వార్డెన్ గారికి ఒక మనవి. రీడింగ్ రూములో ఒక బల్ల, తాళం వేసుకునే బీరువా, ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు ఇప్పించండి. సీపీయూ, మానిటర్ పాత విద్యార్థులం తలా కొంత వేసుకుని తెచ్చి పెడతాం.