‘తగిన అధ్యాపకులు లేరు’ అనే మాట చాటున

హనుమకొండలో డిగ్రీ చదువుతున్న ఒక దళిత విద్యార్థి ఈమధ్య నన్ను అడిగాడు: ‘సార్, స్వయం కోర్సు చేసి పరీక్ష పాసైతే క్రెడిట్లు వస్తాయంటున్నారు. మరి ఆ పేపరు చెప్పే సారు ఇక రారా?’ అతడు అడిగింది తన తరగతి గురించి. నాకు మాత్రం అందులో రిజర్వేషన్ ప్రశ్న వినిపించింది.

కళాశాల బయట నేర్చుకున్నదానికి గుర్తింపునివ్వడాన్ని నేను వ్యతిరేకించను. మా తరంలో ఎందరో ఆ దారినే వచ్చారు. 1982లో జి. రామ్‌రెడ్డి తొలి ఉపకులపతిగా ఏర్పడి, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టుకున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇంటర్ చదవనివారికి సైతం అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. పగలు మగ్గం నేసి, కూలికి పోయి, ఆర్టీసీ డ్యూటీ చేసి చదువుకున్నవారికి ఆ పరీక్ష విలువ తెలుసు. తెలుగులో అచ్చయిన ఆ పుస్తకాలను పోటీ పరీక్షల అభ్యర్థులు నేటికీ వెతుక్కుంటారు.

ఇప్పటి ఏర్పాటు వేరు. స్వయం కోర్సుల ద్వారా 20 శాతం వరకు క్రెడిట్లు పొందవచ్చని 2016లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. 2021లో ఆ పరిమితిని 40 శాతానికి పెంచింది. అదే ఏడాది వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో అవన్నీ విద్యార్థి ఖాతాకు జమ అవుతాయి. కోర్సు వినడం ఉచితమే. పరీక్షకు మాత్రం రుసుము కట్టాలి. పాఠాల్లో అత్యధికం ఇంగ్లీషులోనే ఉంటాయి. అర్థం కాని చోట ‘సార్, మళ్లీ చెప్పండి’ అని తెలుగులో అడిగే వీలు రికార్డు చేసిన పాఠంలో లేదు.

అసలు సంగతి 2016 నిబంధనల్లోనే ఉంది. ఏ సందర్భాల్లో ఈ కోర్సులను అనుమతించవచ్చో చెబుతూ, శాఖలో తగిన బోధనా సిబ్బంది లేకపోవడాన్ని ఒక కారణంగా పేర్కొన్నారు. ‘తగిన’ అన్న ఈ మాట మనకు కొత్తది కాదు. రిజర్వుడు పోస్టుకు ఇంటర్వ్యూలు జరిపి, ‘నాట్ ఫౌండ్ సూటబుల్’ అని రాసి ఖాళీగా వదిలేసే విద్యను విశ్వవిద్యాలయాలు ఎప్పుడో నేర్చాయి. అలా మిగిలిన ఖాళీయే ఇప్పుడు ఆన్‌లైన్ కోర్సుకు అర్హతగా మారుతుంది. కోర్సుతో పని నడిచిపోతే పోస్టు నింపాలన్న ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కడో ఐఐటీలో ఒక ఆచార్యుడు రికార్డు చేసిన పాఠం వేల తరగతి గదులకు సరిపోతే, ఆ గదుల్లో నిలబడాల్సిన దళిత, ఆదివాసీ, బీసీ అధ్యాపకులు ఎక్కడికి పోవాలి?

కేంద్ర విద్యాసంస్థల్లో శాఖను యూనిట్‌గా తీసుకోవాలన్న 2018 నాటి యూజీసీ ఉత్తర్వుపై దేశమంతటా పోరాటం జరిగింది. ఫలితంగా సంస్థ మొత్తాన్నీ యూనిట్‌గా గుర్తిస్తూ 2019లో చట్టం వచ్చింది. రోస్టరును కాపాడుకున్నాం కానీ, భర్తీయే జరగకపోతే రోస్టరు కాగితం మీదే ఉంటుంది.

అందుకే అధ్యాపకుల కొరత పేరిట ఆన్‌లైన్ కోర్సును అనుమతించే ప్రతి కళాశాలా ఆ ఖాళీ ఎన్నేళ్లుగా ఉందో, రోస్టరులో ఏ వర్గానిదో, చివరి ప్రకటన ఎప్పుడిచ్చారో నోటీసు బోర్డు మీద పెట్టాలి. భర్తీకి గడువు చెప్పకుండా అనుమతి ఇవ్వకూడదు.

ఆ విద్యార్థికి నేనింకా జవాబు చెప్పలేదు. ఆ పేపరు చెప్పాల్సిన పోస్టు రోస్టరులో ఎవరిదో ముందు కనుక్కుని రమ్మన్నాను.