ఇంటికొచ్చాకే అసలు చికిత్స

డీఅడిక్షన్ కేంద్రం నుంచి కొడుకు ఇంటికొచ్చిన రోజు ఆ ఇంట్లో పండగలాగే ఉంటుంది. తల్లి ఇష్టమైనవన్నీ వండుతుంది. తండ్రి దాచిపెట్టిన ఫోన్ తీసి చేతికిస్తాడు. మొక్కుకున్న దేవుడి దగ్గరికి ప్రయాణం ఖాయమవుతుంది. అప్పు చేసి చేయించిన వైద్యం పూర్తయిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మత్తు చికిత్సలో అనుభవమున్న వైద్యులు మాత్రం ఆ రోజు నుంచే ఎక్కువ జాగ్రత్తపడాలంటారు. కేంద్రంలో గంజాయి లేదు, పాత బ్యాచ్ లేదు, పరీక్షల ఒత్తిడి లేదు. గేటు దాటగానే అవన్నీ ఎదురొస్తాయి. మళ్లీ మత్తులోకి జారే ప్రమాదం చికిత్స ముగిసిన తొలి నెలల్లోనే ఎక్కువ. మన వ్యవస్థ సరిగ్గా ఆ నెలలనే గాలికి వదిలేస్తోంది.

సరఫరాను అడ్డుకోవడం మీద రెండు తెలుగు రాష్ట్రాలూ గట్టి దృష్టే పెట్టాయి. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు మన్యంలో గంజాయి తోటల ధ్వంసం 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట పెద్దయెత్తున సాగింది. ఆంధ్రప్రదేశ్ 2024లో ‘ఈగల్’ విభాగాన్ని ఏర్పాటు చేసింది. తెలంగాణ 2023లో యాంటీ నార్కోటిక్స్ బ్యూరోను నెలకొల్పి, 2025లో దానికీ ఈగల్ అనే పేరే పెట్టుకుంది. ఇవన్నీ అవసరమే. అయితే పట్టుబడ్డ సరుకు ఎన్ని కిలోలో ప్రతి పత్రికా సమావేశంలోనూ వినిపిస్తుంది. దాని బారినపడిన పిల్లల్లో ఎందరు కోలుకుని మళ్లీ తరగతి గదిలో కూర్చున్నారన్నది ఎప్పుడోగానీ వినిపించదు.

సమస్య ఎంత పెద్దదో ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం జరిపిన దేశవ్యాప్త సర్వేలో తేలింది. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ 2019లో వెలువరించిన ఆ నివేదిక ప్రకారం నిషిద్ధ మాదకద్రవ్యాలకు బానిసలైనవారిలో ప్రతి 20 మందిలో ఒక్కరికే ఏదో ఒక రూపంలో చికిత్స అందుతోంది. మద్యం విషయంలో 38 మందిలో ఒక్కరికి. పీల్చే మత్తు సంగతి మరీ కలవరపెట్టేది. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ వంటివి పీల్చేవారు పెద్దల్లో 0.58 శాతం కాగా, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. పెద్దలకన్నా పిల్లలే ఎక్కువ శాతం వాడుతున్న మత్తు ఇదొక్కటే. ఈ ఒక్క అలవాటు నుంచి బయటపడేందుకు సాయం కావలసిన పిల్లలు దేశంలో 4.6 లక్షల మంది ఉంటారని సర్వే అంచనా.

ఆ 20 మందిలో ఒక్కడిగా చికిత్స దక్కించుకున్న కుర్రాడు కూడా మళ్లీ మొదలుపెడితే ఇంటిల్లిపాదీ కుప్పకూలిపోతారు. ‘ఇక వీడు బాగుపడడు’ అన్న తీర్పు వచ్చేస్తుంది. వైద్యశాస్త్రం చెప్పేది వేరు. మాదకద్రవ్య వ్యసనంపై పరిశోధించే అమెరికా జాతీయ సంస్థ లెక్కల్లో చికిత్స తీసుకున్నవారిలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ జారతారు. రక్తపోటు, ఉబ్బసం ఉన్నవాళ్లలో వైద్యం గాడి తప్పి జబ్బు తిరగబెట్టేవారు 50 నుంచి 70 శాతం. బీపీ పెరిగితే డాక్టరు మందు మారుస్తాడు, ఉప్పు తగ్గించమంటాడు, మళ్లీ రమ్మంటాడు. రోగిని సిగ్గులేనివాడని తిట్టడు. వ్యసనాన్నీ అలాగే ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాల్సిన జబ్బుగా చూడాలి.

కౌమారంలో ఈ పని ఇంకా కష్టం. ముందుచూపునూ నిగ్రహాన్నీ నడిపించే మెదడు ముందుభాగం పాతికేళ్ల వయసు దాకా ఎదుగుతూనే ఉంటుంది. సుఖాన్ని, స్నేహితుల మెప్పును కోరే భాగాలు అంతకంటే ముందే చురుగ్గా పనిచేస్తుంటాయి. పదహారేళ్ల పిల్లాడికి ‘పదేళ్ల తర్వాత నీ లివర్ ఏమవుతుందో తెలుసా’ అంటే ఎక్కదు. సాయంత్రం ఆరింటికి బండి హారన్ కొట్టి పిలిచే మిత్రుడికి ఏం చెప్పాలో నేర్పితే పనికొస్తుంది.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లట్ 1980లలో రూపొందించిన పద్ధతికి ఇదే మూలం. ఏ చోటు, ఏ మనిషి, ఏ మూడ్, చేతిలో ఎంత డబ్బు కలిస్తే మనసు అటు లాగుతుందో పిల్లలే గుర్తించి రాసుకోవాలి. ఒక్కోదానికీ ముందుగానే జవాబు సిద్ధం చేసుకోవాలి. మత్తు కోసం తపన అలలా లేచి, సాధారణంగా అరగంటలోపే తగ్గుతుంది. ఆ అరగంట ఎవరితో మాట్లాడాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నది ముందే తెలిసుండాలి. మార్లట్ మరో సంగతీ గమనించాడు. ఒక్కసారి తప్పటడుగు వేయడం వేరు, పూర్తిగా పాత బతుక్కి వెళ్లిపోవడం వేరు. మొదటిదాన్ని రెండోదిగా మార్చేది చాలాసార్లు సిగ్గే. ‘ఎలాగూ తప్పాను, ఇక ఆగి ఏం లాభం’ అనుకుంటారు. ఇంట్లోవాళ్లు ‘మా పరువు తీశావు’ అన్నప్పుడు ఆ ఆలోచన మరింత బలపడుతుంది. ‘చెప్పి మంచిపని చేశావు, రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం’ అన్నప్పుడు సంఘటన అక్కడితో ఆగే అవకాశం ఉంది. హెరాయిన్, నల్లమందు జాతి ఇంజెక్షన్లు వాడినవారి విషయంలో ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి. కొన్నాళ్లు మానేసిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. దాచిపెట్టుకుని ఒంటరిగా మళ్లీ మొదలుపెట్టినవారే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు.

మాన్పించే తీరులోనూ పొరపాట్లు జరుగుతున్నాయి. గదిలో పెట్టి తాళం వేస్తే సరిపోతుందనుకునేవారున్నారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. ఆల్ప్రాజోలం, డైజిపామ్ వంటివి కలిపిన కల్లుకు అలవాటుపడినవారు ఫిట్స్, భ్రాంతులతో ఆసుపత్రులకు పోటెత్తారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం కిటకిటలాడింది. కొన్ని మత్తులను వైద్యుడి పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలే తప్ప ఒక్కసారిగా ఆపకూడదు. ‘రోగికి తెలియకుండానే మాన్పిస్తాం’ అన్న గోడరాతలను నమ్మి అన్నంలో మందు కలపడమూ అంతే ప్రమాదకరం.

ఇక కొన్ని ప్రైవేటు కేంద్రాల్లో కొట్టడం, కట్టేయడమే వైద్యంగా చలామణి అవుతోంది. దెబ్బలకు రోగులు చనిపోయిన ఘటనలు దేశంలో పలుచోట్ల నమోదయ్యాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వ్యసనంతో వచ్చే రుగ్మతలనూ తన పరిధిలోకి తెచ్చింది. గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. పద్దెనిమిదేళ్లలోపు వారిని పెద్దలతో కలపకుండా వేరుగా ఉంచాలని, తల్లిదండ్రుల్లో ఒకరో వారు నియమించిన సహాయకులో వెంట ఉండాలని చెప్పింది. పదిహేనేళ్ల పిల్లాడిని నలభయ్యేళ్ల తాగుబోతుల హాల్లో పడుకోబెట్టే కేంద్రం ఆ చట్టాన్ని ఉల్లంఘిస్తున్నట్టే. చేర్పించే ముందు రిజిస్ట్రేషన్ చూపించమని అడిగే హక్కు ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది.

తెలుగు నేలమీద మత్తు మానడానికి జనం తమంతట తాము వెతుక్కున్న దారి ఒకటుంది, అది దీక్ష. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. కొడుకు చెడు సావాసాలు పట్టాడనిపిస్తే మాల వేయించే తల్లిదండ్రులూ ఉన్నారు. నిన్నటిదాకా ‘ఒరేయ్’ అన్న ఊరు ఆ రోజు నుంచి ‘స్వామీ’ అంటుంది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, వేళకు పూజ, వేళకు భోజనం, చుట్టూ అదే నియమంలో ఉన్న తోటి స్వాములు, ఏ అనుమానమొచ్చినా అడగడానికి గురుస్వామి ఉంటారు. గౌరవం, దినచర్య, తోడు, పెద్దదిక్కు: వ్యసన చికిత్సలో నిపుణులు కోరుకునేవి కూడా ఇవే. మాల తీసిన మర్నాడే పలువురు పాత దారి పడుతున్నారంటే వారి భక్తిని శంకించనక్కర్లేదు. ఆ నలభై ఒక్క రోజులు పట్టి ఉంచిన ఏర్పాటు నలభై రెండో రోజున ఒక్కసారిగా మాయమవుతోంది. పునరావాస కేంద్రం నుంచి వచ్చిన పిల్లాడికి జరుగుతున్నదీ అదే.

ఆ ఏర్పాటును కొనసాగించి చూపినవారు మన దేశంలోనే ఉన్నారు. భర్త టి.టి.రంగనాథన్‌ను మద్యం బలితీసుకున్నాక శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో వ్యసన చికిత్సా సంస్థను స్థాపించారు. ఈ కృషికి 1992లో పద్మశ్రీ అందుకున్నారు. రోగితోపాటు కుటుంబానికీ శిక్షణ ఇవ్వడం అక్కడి వైద్యంలో భాగం. పుణెలో బ్రౌన్ షుగర్ బారినపడ్డ యువకుల గురించి పాత్రికేయుడు అనిల్ అవచట్ రాసిన కథనాలు చదివి కదిలిపోయిన రచయిత పు.ల.దేశ్‌పాండే ఇచ్చిన అండతో 1986లో ‘ముక్తాంగణ్’ మొదలైంది. అవచట్ భార్య, మానసిక వైద్యురాలు అనిత దాన్ని తీర్చిదిద్దారు. కోలుకున్నవారే కొత్తవారికి తోడుగా నిలవడం, ఇంటికి వెళ్లాక కూడా సమావేశాలకు వస్తుండటం ఆ సంస్థకు వెన్నెముక. అమెరికాలోని ఇల్లినాయిలో కౌమారుల కోసం రూపొందించిన పద్ధతి మరో అడుగు ముందుకేసింది. పిల్లాడు ఆసుపత్రికి వస్తాడని ఎదురుచూడకుండా, డిశ్చార్జి తర్వాత 90 రోజులపాటు కౌన్సెలరే ఇంటికి వెళతాడు. బడిలో మాట్లాడతాడు, ఆటల్లో చేర్పిస్తాడు, తల్లిదండ్రులకూ పిల్లాడికీ మధ్య మాట కలుపుతాడు.

మన దగ్గర ఆ 90 రోజుల్లో ఎదురయ్యే మొదటి గోడ తరచూ బడే. విషయం బయటపడగానే టీసీ చేతిలో పెట్టి పంపేస్తే సంస్థ పేరు నిలబడుతుందేమో కానీ, పిల్లాడికి రోజంతా ఖాళీ, పక్కన పాత బ్యాచ్ మిగులుతాయి. మత్తుపదార్థాలు దొరికితే యాజమాన్యాలనూ బాధ్యుల్ని చేస్తామన్న హెచ్చరికలు విక్రేతలను దూరం పెట్టడానికి పనికొస్తాయి. వాడే పిల్లాడి విషయంలో అవే హెచ్చరికలు దాచిపెట్టడానికో వదిలించుకోవడానికో దారితీస్తాయి. ఈ రెంటికీ తేడా ఉత్తర్వుల్లోనే స్పష్టంగా ఉండాలి.

ఇంటిని వెనక్కి లాగేది కేసు భయం. డాక్టరు దగ్గరికెళితే పోలీసులకు తెలుస్తుందని, భవిష్యత్తు పాడవుతుందని నెలల తరబడి దాస్తారు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన ఆరోపణ ఉన్న వ్యసనపరుడు ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో స్వచ్ఛందంగా చికిత్స కోరితే అతడికి విచారణ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఇక 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష విధిస్తుంది. చట్టం కోపం అమ్మినవాడి మీద. పిల్లాడికి అది వైద్యం దారి చూపుతోంది. ఈ సంగతి అవగాహన ర్యాలీల్లో నినాదాలకన్నా ముందు వినిపించాలి. 14446 అనే జాతీయ ఉచిత హెల్ప్‌లైన్, మానసిక సాయానికి 14416 టెలిమానస్ ఉన్నాయని ప్రతి పేరెంట్స్ మీటింగ్‌లోనూ చెప్పాలి.

ఖాళీ సాయంత్రాల సంగతీ తేల్చాలి. ఐస్‌లాండ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1998లో అక్కడి 15, 16 ఏళ్ల పిల్లల్లో గడచిన నెలలో తాగి మత్తెక్కినవారు 42 శాతం. ఆటలు, సంగీతం, క్లబ్బులకు ప్రభుత్వం డబ్బు పెట్టి, రాత్రి పిల్లలు ఇంట్లో ఉండేలా తల్లిదండ్రులతో ఒప్పందాలు చేయించాక 2016 నాటికి 5 శాతానికి తగ్గారు. ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే ఉండి, మైదానమే లేని మన జూనియర్ కాలేజీల్లో కోలుకుంటున్న పిల్లాడు తన సాయంత్రాన్ని ఎక్కడ గడపాలి?

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ వచ్చే విద్యాసంవత్సరానికి ముందే చేయగల పనులున్నాయి. చికిత్స పొందుతున్న విద్యార్థికి టీసీ ఇవ్వరాదని, తిరిగి వచ్చాక హాజరులో, పరీక్షల్లో వెసులుబాటు ఇవ్వాలని విద్యాశాఖ ఉత్తర్వు ఇవ్వాలి. చదువు తెగిపోయినవారిని ఓపెన్ స్కూల్‌లో చేర్పించే బాధ్యత ఒక అధికారికి అప్పగించాలి. జిల్లా ఆసుపత్రుల్లో కౌమారులకు వేరుగా పడకలు, డిశ్చార్జి తర్వాత 90 రోజులు ఇంటికీ బడికీ వెళ్లే కౌన్సెలర్లు కావాలి. నెలకోసారి తల్లిదండ్రుల బృందం కలుసుకునేందుకు ఆసుపత్రిలోనే ఒక గది ఇవ్వాలి. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో మొదలైన నషా ముక్త్ భారత్ కార్యక్రమాన్ని సమీక్షించేటప్పుడు కలెక్టర్లు ఎన్ని ప్రతిజ్ఞలు చేయించారన్నది ఒక్కటే అడగకూడదు. జనవరిలో డిశ్చార్జి అయిన పిల్లల్లో జులై నాటికి ఎందరు కౌన్సెలర్‌తో మాట్లాడుతున్నారు, ఎందరు బడిలో ఉన్నారు, మళ్లీ జారినవారిలో ఎందరిని తిరిగి చికిత్సకు తీసుకొచ్చారు అన్న మూడు ప్రశ్నలకు ప్రతి జిల్లా నుంచీ జవాబు రాబట్టాలి.