పాటల పంపకాలు

అన్నదమ్ములు పొలం పంచుకోవాలంటే పెద్దమనుషులు కూర్చోవాలి. గట్టెక్కడ, బావిలో వాటా ఎంత, చింతచెట్టు ఎవరిది - అన్నీ కాగితం మీద పెట్టిగాని లేవరు. అదే నలుగురు స్నేహితులు కలిసి పాటలు కట్టుకుంటే మాత్రం ఆ కాగితం ఊసు ఎవరూ ఎత్తరు. "మాలో మాకేమిటి!" అంటారు. ఆ మాట వినడానికి బాగానే వుంటుంది - పాట పదిమందికీ నచ్చేదాకా.

మా మేనల్లుడిది ఆళ్లగడ్డ. వాడూ, నంద్యాలలో వున్న వాడి స్నేహితులు ముగ్గురూ బ్యాండు అని పేరు పెట్టుకుని, ఎనిమిది పాటలతో తమ మొదటి ఆల్బం ఇంట్లోనే రికార్డు చేశారు. శనివారం రాత్రి మావాడు డప్పుతో సహా నంద్యాల బస్సు దిగేవాడు. స్టూడియో అంటే ఒకరి డాబా మీది గది. గోడలకు బొంతలు వేలాడగట్టారు. తలుపు సందుల్లో పాత చీరలు కుక్కారు. ఉత్త గోడలకు తగిలిన గొంతు తిరిగివచ్చి మైకులో పడుతుంది, దూది దాన్ని మింగేస్తుంది. ఫ్యాను హోరు కూడా మైకు పట్టేస్తుంది గనుక నంద్యాల ఎండల్లో ఫ్యాను కట్టేసి పాడడమంటే తపస్సే అనుకోండి. అందుకే బస్సుల హారన్లు మొదలుకాకముందే, తెల్లవారుజామున పాడేవారు. నలుగురూ ఒకేసారి వాయించనక్కరలేదు. ముందు తాళం, అది చెవుల్లో వింటూ గిటారు, ఆ రెండూ వింటూ గొంతు - ఒకదానిమీద ఒకటి పేర్చి, కంప్యూటరులో హెచ్చుతగ్గులు సరిచేసుకున్నారు.

ఇంట్లో చేసిన సరుకు నాసిరకమని కొట్టిపారేయకండి. 1982లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనే అమెరికా గాయకుడు న్యూజెర్సీలో తాను వుంటున్న ఇంటి పడకగదిలో, నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద కొన్ని పాటలు నమూనాగా పాడుకున్నాడు. తర్వాత బ్యాండుతో స్టూడియోలో అవే పాటలు చేసి చూశాడు. పడకగదిలో పలికిన గొంతు అక్కడ పలకలేదు. చివరికి, జేబులో వేసుకు తిరిగిన ఆ క్యాసెట్‌లోని పాటలే 'నెబ్రాస్కా' పేరుతో విడుదలయ్యాయి.

రికార్డింగు అయింది. ఇంటర్నెట్టులో పెట్టి లోకానికి పంచడమే తరువాయి. అక్కడ వచ్చింది చిక్కు. రచన ఎవరు, సంగీతం ఎవరు, నిర్మాత ఎవరు, డబ్బు ఎవరి ఖాతాకు పోవాలి అని ఫారం అడిగింది. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పైగా గిటారు కుర్రవాడికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల ప్రయాణం.

"మామా, ఈ పేర్లేవో నువ్వే రాసియ్యి," అన్నాడు మావాడు.

"వచ్చేది టీ ఖర్చుకన్నా చాలుతుందా? దానికింత పంచాయితీనా?" అంది మా అక్క.

పంచాయితీ పెట్టవలసింది టీ ఖర్చుకైనా చాలనప్పుడే. తర్వాత పెడితే దాన్ని తగాదా అంటారు.

1957 నాటి మన కాపీరైటు చట్టం లెక్కలో ఒక రికార్డు పాటంటే మూడు ఆస్తులు. మాట ఒకటి, వరస ఒకటి, రికార్డింగు ఒకటి. మాటకూ వరసకూ హక్కు, కట్టినవాళ్లు బ్రతికున్నన్నాళ్లూ, ఆ తర్వాత 60 ఏళ్లూ. రికార్డింగుకు, విడుదలైన తర్వాత 60 ఏళ్లు. ఆ రికార్డింగుకు చట్టం దృష్టిలో మొదటి సొంతదారు నిర్మాత - అంటే దాన్ని తయారుచేయడానికి పూనుకుని, బాధ్యత వహించినవాడు. డాబా మీది గదిలో ఆయన ఎవరు? గది ఇచ్చినవాడా, మైకు కొన్నవాడా, రాత్రిళ్లు కంప్యూటరు ముందు కళ్లు కాయలు చేసుకున్నవాడా? వాళ్లే తేల్చుకుని రాసుకోవాలి.

1902 నవంబరులో కలకత్తాలో ఒక హోటలు గదిలో గౌహర్ జాన్ గ్రామఫోను కొమ్ములోకి పాడింది. పాట ముగియగానే తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. ఆ రోజుల్లో రికార్డులు జర్మనీలో అచ్చయ్యేవి. పాట ఎంత దూరం పోయినా పేరు దానితోనే పోయింది. మన వైపు చూడండి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన మీద పాటలు కట్టినవాళ్ల పేర్లు చెప్పకుండానే ఆ పాటలు నోటినుంచి నోటికి నడిచివచ్చాయి.

చివరికి మా కుర్రాళ్లు ఒక కాగితం రాసుకున్నారు. రికార్డింగులో నలుగురికీ సమాన వాటా. మాట, వరస ఎవరివి వారి పేరనే. ఊరు వదిలి వెళ్లినవాడికి ఈ ఎనిమిది పాటల్లో వాటా పోదు. తాను లేకుండా తర్వాత చేసే పాటల్లో వుండదు. ఒక పాట వరస ఆళ్లగడ్డ పొలాల్లో కలుపు తీస్తూ పాడుకునేది. దానికి ఎవరూ తమ పేరు తగిలించుకోకుండా 'జానపదం' అని రాసి, నేర్పిన అవ్వ పేరూ చేర్చారు. నలుగురూ సంతకాలు చేశాకనే పాటలు లోకంలోకి వెళ్లాయి.

మీ ఇంట్లోనూ గిటారో డప్పో పట్టుకున్న పిల్లలుంటే, చదువు పాడవుతుందని గదమాయించే ముందు, పంపకాల కాగితం రాసుకున్నారో లేదో ఒకసారి అడిగి చూడండి.